తిట్టు లేని కావ్యం

రత్నకూట నగరం నడుముకు వెండి వడ్డాణంలా చుట్టుకుని పారే శంఖవాక నది, తొలకరికి ముందు వచ్చే ఆ ఒక్క పండుగ రోజున పెళ్ళికూతురిలా ముస్తాబవుతుంది. రేవు మెట్లన్నిటికీ పసుపు పూసి కుంకుమ బొట్లు పెడతారు. నీటి మీదికి వంగి నిలిచిన రాతిమండపం స్తంభాలకు అరటి బోదెలు కడతారు, మామిడి తోరణాలు వేలాడదీస్తారు. పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా ఆ మండపంలో ‘మకరబంధం’ అనే కావ్యం చదవడం ఆ రాజ్యపు ఆచారం. మండపానికి ఎదురుగా నది సుడి తిరిగే చోటును భైరవమడుగు అంటారు. ఆ మడుగు అడుగున కరాళమకరుడనే మొసలి రక్కసుడు బందీగా పడి ఉన్నాడు. పూర్వం ఒక కవి వాణ్ణి కత్తితో కాదు, తిట్టుతో కట్టాడు. ఏడో ఆశ్వాసంలోని ఆ తిట్టు పద్యాలు ఏడాదికోసారి చెవిన పడుతున్నంత కాలం వాడు అడుగు విడిచి లేవలేడట. ఇదంతా పాతకాలపు కట్టుకథ అని చదువుకున్నవాళ్ళు నవ్వుకునేవారు. యువరాజు ఉదయార్కుడు కూడా అలా నవ్వుకున్నవాడే.

ఆ ఏడు రేవులో ఒక వింత కనిపించింది. తరతరాలుగా పండుగను అవతలి ఒడ్డున నిలబడి చూసే పుట్టివాళ్ళు ఈసారి ముందు మెట్ల మీద కూర్చున్నారు. వెదురు బద్దలు అల్లి, తోలు కప్పిన గుండ్రటి పుట్లలో జనాన్ని ఏరు దాటించి బతికే జాతి వాళ్ళది. రక్కసుణ్ణి తిట్టబోయిన ఆనాటి కవి, ‘నువ్వు పుట్టివాడి కంటే హీనం’ అంటూ ఒక పద్యం ఎత్తుకున్నాడు. ఆ మాట పట్టుకుని సంతల్లో, వీధుల్లో, ఆఖరికి పెళ్ళి ఊరేగింపుల్లో కూడా జనం వాళ్ళను గేలి చేసేవారు. కిందటేడు మంగవ్వ అనే ముసలి పడవకత్తె కోటకు వచ్చి, “ఆ ఒక్క మాట తీయించండి దొరా” అని యువరాజు ముందు కొంగు పట్టింది.

తండ్రి మంచం పట్టడంతో రాజ్యభారం మోస్తున్న ఉదయార్కుడికి ఆమె కోరిక న్యాయంగానే తోచింది. ఆ పని మృదుపాణికి అప్పగించాడు. పొరుగు దేశం నుంచి వచ్చి ఆస్థానంలో చేరిన పండితుడు మృదుపాణి. ఒంటి మీద మడత నలగని తెల్లపట్టు, నోట్లో కరుకు తగలని మాట.

“ఒక్క మాట పీకితే పద్యం కుంటుతుంది ప్రభూ” అన్నాడతను. “కావ్యమంతా శోధించి, ఎవరి మనసూ నొచ్చుకోని విధంగా తీర్చిదిద్దుతాను. తమరు అనుమతి ముద్ర వేయించండి, చాలు.”

వేట గుర్రం వాకిట్లో సకిలిస్తోంది. ఉదయార్కుడు చూడకుండానే ముద్ర వేసేశాడు.

రాజ్యంలోని తాళపత్ర ప్రతులన్నీ శోధన మండపానికి చేరాయి. దారాలు విప్పి, మృదుపాణి రాసిన కొత్త ఆకులు పెట్టి, తిట్టున్న పాత ఆకునల్లా లాగేశారు. హోమంలో వేస్తానని మృదుపాణి ఆ ఆకులన్నీ మూట కట్టుకుపోయాడు. కావ్యం కంఠస్థం చేసిన పండితులను వరసగా కూర్చోబెట్టి, నాలుక శుద్ధి అంటూ దర్భపుల్లతో ఒక్కొక్కరి నాలుక మీదా తేనె రాశాడు. ఇదేమిటని ఎవరూ అడగలేదు. తేనె తియ్యగా ఉంది.

ఇక పండుగనాడు, పొద్దు నడినెత్తి దాటాక, వృద్ధ పండితుడు శ్రీకంఠుడు ఏడో ఆశ్వాసం విప్పాడు. వెనకటికి ఆ ఘట్టం వస్తే పిల్లలు తల్లుల వెనక నక్కేవారు, మగవాళ్ళు తొడలు చరిచేవారు. ఇప్పుడు పండితుడి నోట, “నల్లకలువల కన్నులవాడా, నీటి సింగారమా” అంటూ మెత్తని పద్యాలు జారాయి. జనం తలలూపారు. ముందు మెట్ల మీద మంగవ్వ రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది.

అప్పుడు మడుగులో సుడి ఆగిపోయింది.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తిరుగుతూనే చూసిన నీళ్ళు అద్దంలా నిలబడిపోయేసరికి జనమంతా మెడలు సాచి చూశారు. ఆ అద్దం నడుమ ఒక బుడగ లేచింది. దాని వెనక ఇంకొకటి. మరుక్షణం నీళ్ళు రెండుగా చీలి, పాచి పట్టిన కొండచరియలాంటి వీపు పైకి లేచింది! తోక ఒక్క విసురు విసిరితే రాతిమండపం స్తంభాలు చెరుకు గడల్లా ఫెళఫెళ విరిగాయి. జనం ఒకరి మీద ఒకరు పడి మెట్లెక్కి పరుగులు తీశారు. రాజభటులు విసిరిన బల్లేలు ఆ చర్మానికి తగిలి గడ్డిపోచల్లా వంగిపోయాయి.

ఆ గందరగోళంలో మృదుపాణి ఒక్కడే తొణక్కుండా మెట్లు దిగాడు. చంకలో తాళపత్రాల మూట ఉంది. కాల్చలేదన్నమాట! నీటి మీద అడుగు వేసి, గట్టు మీద నడిచినట్టే నడిచి, మొసలి వీపు ఎక్కి నిలబడ్డాడు.

“తిట్టు పోయింది, కట్టు తెగింది యువరాజా!” అని అక్కణ్ణుంచి కేక పెట్టాడు. “తెంపింది నేను కాదు, నీ ముద్ర! నా వాహనం ఆకలి తీర్చుకుని వస్తుంది. ఈలోగా కొంగలకొండ గుహలో నీ సింహాసనం కోసం ఎదురుచూస్తుంటాను.”

తెల్లపట్టు రెపరెపలాడింది. మనిషి లేడు. ఒక పెద్ద కొంగ ముక్కున మూట కరుచుకుని ఏటి ఎగువకు ఎగిరిపోయింది.

ఉదయార్కుడు బురదలో తడబడుతూ శ్రీకంఠుడి దగ్గరికి పరుగెత్తి భుజాలు పట్టి కుదిపాడు.

“ఆచార్యా! పాత పద్యాలు చదవండి! చిన్నప్పటి నుంచీ మీకు నోటికొచ్చినవేగా!”

ముసలాయన నోరు తెరిచాడు. కళ్ళలో కోపం నిప్పులా ఉంది. నోట్లోంచి మాత్రం, “నల్లకలువల కన్నులవాడా…” అని వచ్చింది. అదిరిపడి నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. “నీటి సింగారమా…” గంటం అందుకుని రాయబోతే వేళ్ళు కూడా ఆ మాటలే చెక్కాయి. ఆయన గంటం పారేసి, రెండు చేతులతో నోరు నొక్కుకుని ఏడ్చాడు. తేనె రాయించుకున్న పండితులందరిదీ ఆ రాత్రి అదే గతి.

తెల్లారేసరికి కరాళమకరుడు మూడు పడవల గొర్రెల మందను, రేవు కట్టడాన్ని, నది ఒడ్డునున్న ధాన్యపు కొట్లను మింగి ఇంకా పెరిగాడు. నగరంలో భయం కాస్తా కోపంగా మారింది. “పుట్టివాళ్ళ మూలంగానే ఇదంతా! వాళ్ళు ఏడవబట్టేగా తిట్టు తీసేశారు!” అంటూ ఒక గుంపు బయల్దేరి, ఒడ్డున దొరికిన పుట్లను కుప్ప పోసి తగలబెట్టింది. కోట మనిషి ఎవడైనా తమ గూడెంలో అడుగు పెడితే ఏట్లో ముంచేస్తామని పుట్టివాళ్ళు తెడ్లు పట్టుకుని కూర్చున్నారని వేగు వచ్చింది.

ఉదయార్కుడు కోటగుమ్మంలో పచార్లు చేస్తున్నాడు. “ఆ పద్యాలు గుర్తున్నవాడు ఈ రాజ్యంలో ఒక్కడు లేడా?”

గుమ్మం కావలివాడు బల్లెం నేలకానించి, ఇబ్బందిగా కదిలాడు. “చిన్నప్పుడు నేనూ పాడేవాణ్ణి ప్రభూ. పుట్టివాళ్ళ పిల్లలు సంతకొస్తే వెనకాల పడి చప్పట్లు కొడుతూ పాడేవాళ్ళం. ఇప్పుడెంత తన్నుకున్నా నాకే కాదు, ఊళ్ళో ఎవరికీ మొదటి రెండు ముక్కలు మించి రావడం లేదు. ఆ తర్వాత ఏదో పురుగు…”

యువరాజు చటుక్కున ఆగాడు. తిట్టినవాడు మర్చిపోయాడు. మరి తిట్టించుకున్నవాడు?

ఆ మధ్యాహ్నం, ఆకాశం సీసం ముద్దలా కిందికి దిగి ఉక్కపోస్తుండగా, గవ్వలదిబ్బ అనే పుట్టివాళ్ళ గూడెంలోకి ఒక ఉప్పు వర్తకుడు వచ్చాడు. మోకాళ్ళ పైకి కట్టిన ముతక పంచె, మాసిన తలపాగా, నెత్తిన ఉప్పుగంప, మొహాన మసి. గుడిసెల మధ్య మగవాళ్ళు తెడ్లు ఒళ్ళో పెట్టుకుని, నవ్వు లేని మొహాలతో అతన్ని చూశారు. ఒక గుడిసె ముందు మంగవ్వ, బోర్లించిన పుట్టి తోలుకు గుగ్గిలం పూస్తోంది. పక్కన ఆమె మనవరాలు చుక్కి, గడకర్ర భుజానికి ఆనించి నిలబడి ఉంది. ఆ ఏటి మీద చుక్కి దాటని సుడి లేదని పేరు.

“ఉప్పెలా ఇస్తావు బాబూ?” అంది మంగవ్వ తలెత్తకుండానే.

ఉదయార్కుడు తడబడ్డాడు. ఉప్పు ధర ఎంతో అతనికి తెలీదు. “అది… మీ ఇష్టం అవ్వా.”

ముసలామె గుగ్గిలం గుడ్డ పక్కన పెట్టింది. “ఉప్పమ్మేవోడు మీ ఇష్టం అన్ననాడు ఏరు ఎదురు పారుద్ది. గంప దించి కూకో యువరాజా. మెడ నొప్పెడుతుంది.”

తెడ్లన్నీ ఒక్కసారి లేచాయి. చుక్కి గడకర్ర కొన అతని గొంతుకు ఆనింది.

“ఒక్కడివే వచ్చావా? మా పుట్లు తగలెట్టినోళ్ళు ఎనకాల ఉన్నారా?” అంది.

“ఒక్కణ్ణే. తగలబెట్టినవాళ్ళను చెరలో వేయించాను. కొత్త పుట్లు ఖజానా చేయిస్తుంది. కానీ నేను అది చెప్పడానికి రాలేదు.” ఉదయార్కుడు తలపాగా తీసి, మసి మొహంతోనే మంగవ్వ ముందు మోకరిల్లాడు. “ఆ పద్యం నీకు గుర్తుందా అవ్వా?”

ఆ మాటకు గూడెమంతా చల్లబడిపోయింది.

“గుర్తుందా అంటావా?” అంది మంగవ్వ. “నా పెనిమిటి ఓసారి వరదలో కొట్టుకుపోయే షావుకారుని జుట్టు పట్టి లాగి ఒడ్డునేశాడు. ఆడి ఒళ్ళు ఆరలేదు. పక్కనున్నోళ్ళు ‘నిన్నెవర్రా లాగింది’ అంటే, నవ్వుతా ఆ పద్యం సదివాడు. మా ఆయన ఆ రోజు అన్నం తినలేదు. పోయేముందు కూడా ఆ పద్యమే గొణిగాడు. నాకు గుర్తుందా అని అడుగుతున్నావు!”

“దాంతోనే వాణ్ణి కట్టగలం.”

“నేనడిగింది ఒక్క మాట తియ్యమని. పుస్తకం పీక్కోమన్నానా?”

“లేదు. నేను చదవకుండా ముద్ర వేశాను. తప్పు నాది.”

“మరి తప్పు నీదైతే మళ్ళీ ఆ మాట పడాల్సింది మేమా?” అంది చుక్కి. “రేపు రక్కసుణ్ణి కట్టాక, సూశారా ఆ మాటే కాపాడింది అని ఇంకా గట్టిగా పాడతారు. మా బిడ్డలు కూడా ఇనాల!”

అంతలో ఒడ్డున పిల్లల కేరింతలు వినిపించాయి.

ఏరు వెనక్కి పోతోంది! ఇప్పటిదాకా గట్టు తాకుతున్న నీళ్ళు ఎవరో అవతలి నుంచి పీల్చుకుంటున్నట్టు జరజరా వెనక్కి జారుతున్నాయి. బయటపడ్డ ఇసుక మీద చేపలు వెండి బిళ్ళల్లా ఎగిరెగిరి పడుతున్నాయి. పిల్లలు సంబరంగా ఒళ్ళోకి ఏరుకుంటున్నారు.

చుక్కి ఒడ్డుకు పరుగెత్తుతూ కేక పెట్టింది. “రండ్రా! వదిలెయ్యండ్రా చేపలు! దిబ్బెక్కండి!”

ఎగువ వంపులో, నదికి నదే నోరు తెరిచినట్టు, కరాళమకరుడి దవడలు కనిపించాయి. పీల్చిన నీటినంతా వాడు ఒక్కసారి వదిలాడు.

తాటిచెట్టెత్తు కెరటం గర్జించుకుంటూ వచ్చింది. ఉదయార్కుడు ఇసుక మీదికి దూకి ఇద్దరు పిల్లలను చెరో చంకలో ఇరికించుకుని పరుగెత్తాడు. కాలికింద ఇసుక జారిపోతోంది. గూడెం మగవాళ్ళు ఒకరి నడుం ఒకరు పట్టి గొలుసు కట్టి, అందిన బిడ్డనల్లా పైకి విసిరారు. కెరటం మొదటి వరస గుడిసెలను చాపల్లా చుట్టేసింది. వీపు మీద నీళ్ళు పడ్డ క్షణాన ఉదయార్కుడు చంకలోని పిల్లలను ముందుకు తోశాడు. ఎవరో అందుకున్నారు. తను మాత్రం మునిగిపోయాడు.

జుట్టు పట్టి ఎవరో పైకి లాగారు. కళ్ళు తెరిచేసరికి గిర్రున తిరిగే పుట్టిలో, మంగవ్వ ఒళ్ళో తల పెట్టి ఉన్నాడు. చుక్కి గడకర్రతో సుడితో కుస్తీ పడుతోంది. వాళ్ళకూ దిబ్బకూ నడుమ నురగలు కక్కే వరద. వాళ్ళకు ఎదురుగా రక్కసుడు.

ఏనుగు గున్నలంత కోరలు ఇటు వరస, అటు వరస. పచ్చటి కళ్ళు దీపపు సెమ్మెల్లా వెలుగుతున్నాయి. దిబ్బ మీద గుమిగూడిన పిల్లాజెల్లా మీద ఉన్నాయి ఆ చూపులు. వాడికి తొందర లేదు. ఒక్కో అంగా వేస్తున్నాడు.

“అవ్వా!” అని అరిచాడు ఉదయార్కుడు.

మంగవ్వ దిబ్బ వైపు చూసింది. తర్వాత అతని చెవి దగ్గరికి వంగి, ఉమ్మేసినట్టుగా చెప్పింది:

పుట్టివాని కంటె బురదలో పురుగువై
నీటి కంపు మేసి నిలుచువాడ
కోరలూడినట్టి గుడ్డి మొసలివిరా
అడుగు విడిచి రాకు మడుగు వదలి

“విన్నావుగా. ఇక నీ ఇష్టం” అని మొహం పక్కకు తిప్పుకుంది.

యువరాజు పుట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆ మొదటి మాట మింగేసి, “…కంటె బురదలో పురుగువై!” అని ఎత్తుకున్నాడు. రక్కసుడి అడుగు ఒక్క క్షణం ఆగింది. వెంటనే గాడి తప్పిన బండిలా పద్యం ఒరిగిపోయింది. వాడు గుర్రుమని నవ్వాడు. ఆ నవ్వుకు లేచిన అలకు పుట్టి నిలువునా లేచి పడింది.

“కుంటి పద్యం!” అన్నాడు రక్కసుడు. బావి అడుగున బండలు దొర్లినట్టుంది ఆ గొంతు.

“ఆ మాటే అనెయ్ దొరా!” చుక్కి గడకర్ర మీద వాలిపోయి అరిచింది. “మాటతో ఇన్నాళ్ళూ సావలేదు, ఇప్పుడూ సావం! ఈడితో సస్తాం! అనెయ్!”

ఉదయార్కుడు మంగవ్వను చూశాడు. ఆమె నీళ్ళకేసి చూస్తోంది. చెవులు మూసుకోలేదు. వినడానికి సిద్ధపడి, మెడ కొంచెం వంచి కూర్చుంది. అతను నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. ఆ మాట ఉన్నచోట అదే తూకం ఉన్న మాట పడాలి. ‘బురద’తో యతి కలవాలి. పు… పూ… బు… భూ…

“పూలవాని కంటె—”

“పూలమ్ముకునేవోడు ఏం జేశాడయ్యా పాపం?” అంది మంగవ్వ చటుక్కున.

రక్కసుడి ముందరి కాలు దిబ్బ అంచు మీద పడింది. మట్టి పెళ్ళలు విరిగి జారాయి. ఒక తల్లి కెవ్వున అరిచి బిడ్డను వెనక్కి లాక్కుంది.

ఉదయార్కుడి గొంతు చించుకుని వచ్చింది:

భూపసుతుని కంటె బురదలో పురుగువై
నీటి కంపు మేసి నిలుచువాడ
కోరలూడినట్టి గుడ్డి మొసలివిరా
అడుగు విడిచి రాకు మడుగు వదలి

కరాళమకరుడు గిరుక్కున తల తిప్పాడు.

“ఏమన్నావు? రాజు కొడుకు కంటే… నేను హీనమా?”

“ఆ రాజు కొడుకును నేనే! చదవకుండా ముద్ర వేసినవాణ్ణి! నాకంటే హీనం నువ్వు!” అని మళ్ళీ మొదటినుంచీ పద్యం ఎత్తుకున్నాడు.

ఠప్పుమని ఒక కోర ఊడి నీళ్ళలో పడింది. దాని వెనక వరసంతా పండిన ఈతకాయల్లా రాలిపోయింది. పచ్చటి కళ్ళ మీదికి పాలమీగడలాంటి పొర జారింది. రక్కసుడు గుడ్డివాడై, బోసినోటితో గాలిని కొరుకుతూ, దిబ్బ మీది కాలును వెనక్కి తీసుకున్నాడు. కానీ మునగలేదు. నదికి అడ్డంగా, కొండచిలువ చుట్ట విప్పినట్టు పడి, నిలిచిపోయాడు.

ఉదయార్కుడు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. పొర వెంటనే కదిలింది. చిగుళ్ళలోంచి తెల్లటి మొనలు తొంగిచూశాయి.

“ఆపకు! ఆపకు దొరా!” అని దిబ్బ మీది నుంచి కేకలు.

మళ్ళీ చదివాడు. మళ్ళీ. గొంతు బొంగురుపోయింది. “అవ్వా, తర్వాతి పద్యం చెప్పు!”

“తర్వాతిది నాకు రాదు.”

“ఏడో ఆశ్వాసం నిండా ఉన్నాయిగా! వాణ్ణి అడుక్కి దించేవి, సంకెల వేసేవి…”

“మిగతాయి మమ్మల్ని తిట్టలేదుగా బాబూ. మాకెందుకు గుర్తుంటాయి?” అంది మంగవ్వ.

చుక్కి పుట్టిని దిబ్బ చేర్చింది. ఉదయార్కుడు చదువుతూనే ఒడ్డెక్కి, ఒక్కో చదువుకూ నడుమ సైగలతో, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఈ ఒక్క పద్యం నిలబెడుతుంది, కట్టదు. కట్టే పద్యాలు కొంగలకొండలో మృదుపాణి మూటలో ఉన్నాయి. అవి తెచ్చేదాకా ఎవరో ఒకరు ఇది ఆపకుండా చదవాలి. చదివితే మొదటి మాట… అతను తన గుండె మీద చెయ్యి వేసుకుని చూపించాడు.

ఎవరూ కదల్లేదు. పుట్టిన దగ్గర్నుంచి ఏ పద్యం వినపడితే తల దించుకుని పక్కసందులోకి తప్పుకున్నారో ఆ పద్యం నోటితో అనమంటే మాటలా? ఆఖరికి వెనక వరసలోంచి వెంకులు అనే బక్కచిక్కిన ముసలి పడవవాడు ముందుకొచ్చి, తెడ్డు ఊతగా నిలబడి, యువరాజు మొహంలోకి సూటిగా చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

“బూపసుతుని కంటె బురదలో పురుగువై…”

“గట్టిగా, తాతా!” అన్నాడు ఉదయార్కుడు బొంగురు గొంతుతో.

“బూపసుతుని కంటె!” ముసలివాడు ఈసారి ఏరు దద్దరిల్లేలా అరిచాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఒక ఆడగొంతు కలిసింది. తర్వాత పది. భయంతో పళ్ళు టకటకలాడుతున్నా, కంట నీళ్ళు కారుతున్నా, ఆ రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గూడెమంతా తనివితీరా నోరు చేసుకుంటోంది. ఉదయార్కుడు తల వంచి ఆ తిట్టు తిన్నాడు.

మంగవ్వ గుగ్గిలం మరకల చేత్తో అతని తడి జుట్టు వెనక్కి తోసింది. “పొద్దుగూకేదాకా గొంతులు నిలబడతాయి. ఆపైన సెప్పలేను. చుక్కీ, దొరను తీసుకుపో.”

కొంగలకొండకు దారి ఏటి ఎగువకే. ఏటికి అడ్డంగా రక్కసుడున్నాడు. వాడి మెడకూ అవతలి ఒడ్డు కొండచరియకూ నడుమ, పుట్టి పట్టేంత సందు ఒక్కటే మిగిలింది.

చుక్కి గడకర్ర నీట్లో చప్పుడు కాకుండా దించింది. “గుడ్డోడే గాని చెవులున్నాయి. నోరెత్తమాక దొరా” అని గుసగుసలాడింది.

పుట్టి ఆ సందులోకి దూరింది. పక్కన గోడలా లేచిన చర్మం ఊపిరికి ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. పొలుసుల సందుల్లోంచి నాచు వేలాడుతోంది. కుళ్ళిన నీటి వాసనకు ఉదయార్కుడు పంచె చెరగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. చెయ్యి చాపితే వాడి చెంప తగిలేటంత దగ్గరగా, తెల్లపొర కమ్మిన కన్ను. వెనక దిబ్బ మీది నుంచి పద్యం అలలు అలలుగా వచ్చి ఆ చెవి మీద పడుతోంది. ప్రతి అలకూ దవడ సన్నగా వణుకుతోంది. ఒక బార. ఇంకో బార. ముందు వెలుతురు కనిపిస్తోంది.

అప్పుడు గాలి తిరిగింది.

ఎగువ నుంచి, కొంగలకొండ వైపు నుంచి చల్లటి గాలి ఒక్క ఉదుటున కొట్టి, దిబ్బ మీది గొంతులను వెనక్కి ఊడ్చుకుపోయింది. గాలిలో తెల్లటి ఈకొకటి తేలుతూ వచ్చి పుట్టిలో పడింది. పద్యం వినిపించడం లేదు. నీళ్ళు చరియను నాకే చప్పుడు ఒక్కటే ఉంది.

కంటి మీది పొర, తెర జరిగినట్టు, మెల్లగా పక్కకు జరిగింది. పచ్చటి వెలుగు చుక్కి మొహం మీద పడింది. ఆమె గడకర్ర పట్టిన చేతులు బిగుసుకుపోయాయి. చిగుళ్ళలోంచి కోరలు మొలుస్తున్న కరకర శబ్దం వాళ్ళ తలల మీదే వినపడుతోంది.

నోరెత్తితే ఎక్కడున్నారో వాడికి తెలుస్తుంది. ఎత్తకపోతే కన్ను పూర్తిగా తెరుచుకుంటుంది.

“చుక్కీ,” అన్నాడు ఉదయార్కుడు, “ఏం జరిగినా గడ ఆపకు.”

అతను పుట్టిలో లేచి నిలబడి, ఆ కంటిలోకి చూస్తూ, మిగిలిన గొంతంతా కూడదీసుకుని తన్ను తాను తిట్టుకోవడం మొదలుపెట్టాడు. దవడలు ఆ గొంతు వైపు తిరిగాయి. చుక్కి గడకర్ర చరియకు ఆనించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోసింది. పచ్చటి కంటి మీద పొర మళ్ళీ జారింది, పుట్టి వెలుతురు వైపు దూసుకుపోయింది.